మేడ మీద 40 మీటర్ల బ్యాండుకు ఇన్‌వర్టెడ్ వీ యాంటెన్నా: తీగ కోయడం నుంచి తొలి క్యూఎస్‌వో (రేడియో సంభాషణ) దాకా

హామ్ రేడియో (అభిరుచి కోసం నడుపుకునే సొంత రేడియో స్టేషన్) లైసెన్సు చేతికొచ్చి, వీయూ3తోనో వీయూ2తోనో మొదలయ్యే కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు) దక్కగానే చాలామంది ఉన్న డబ్బంతా రిగ్గు (రేడియో సెట్టు) మీద పెట్టేస్తారు. యాంటెన్నా దగ్గరికొచ్చేసరికి ఏదో ఒక తీగ, ఎక్కడో ఒక మూల. తీరా సెట్టు పెడితే చెవుల్లో హోరు, పిలిస్తే పలికేవారుండరు. అసలు చేయాల్సింది తిరగేసి చేయాలి. సరైన కొలతలో, సరైన ఎత్తులో తీగ ఉంటే పది వాట్ల సెట్టుతో కూడా పగటిపూట రాజమండ్రి నుంచి హైదరాబాద్ మాట్లాడొచ్చు. తీగ తప్పయితే వంద వాట్లున్నా పక్క జిల్లా అందదు. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు తీగకూ, దాన్ని ట్యూన్ చేయడానికీ ఇస్తున్నాం.

40 మీటర్ల బ్యాండే (తరంగదైర్ఘ్యం 40 మీటర్ల చుట్టూ ఉండే ఫ్రీక్వెన్సీల వరుస) ఎందుకంటే, మన దేశంలో హామ్‌లకున్న 7.000 నుంచి 7.200 మెగాహెర్ట్జ్ దాకా పగలంతా ఎవరో ఒకరు పలుకుతూనే ఉంటారు. ఈ బ్యాండులో పావు తరంగదైర్ఘ్యం 10.5 మీటర్లు. అంత ఎత్తుకు కిందో, కాస్త అటూ ఇటూగానో ఉన్న డైపోల్ (మధ్యలో కేబుల్ తగిలించే రెండు చేతుల తీగ యాంటెన్నా) తన శక్తిలో ఎక్కువ భాగాన్ని నేరుగా ఆకాశంలోకి పంపుతుంది. అయనోస్ఫియర్ (చాలా ఎత్తున విద్యుదావేశంతో ఉండే వాతావరణ పొర) దాన్ని తిప్పికొడితే చుట్టూ ఐదారు వందల కిలోమీటర్ల మేర వర్షంలా కిందికి దిగుతుంది. అంటే మేడ ఎత్తు మనకు లోటు కాదు, రెండు తెలుగు రాష్ట్రాలనూ కలుపుకోవడానికి అదే అనుకూలం. పొద్దుగూకాక దగ్గరివాళ్లు మెల్లగా మాయమై దూరం స్టేషన్లు వినిపిస్తాయి. అది యాంటెన్నా లోపం కాదు, అయనోస్ఫియర్ పలచబడడం.

చోటు, ఎత్తు

ముందు మేడెక్కి చుట్టూ కరెంటు తీగలు చూడండి. స్తంభం పడిపోయినా, తీగ తెగి గాలికి ఊగినా ఎల్‌టీ లైనుకు గానీ 11 కేవీ లైనుకు గానీ తగలకూడదు. స్తంభం ఎత్తుకు కనీసం ఒకటిన్నర రెట్ల దూరం ఉండాలి. అంత దూరం లేకపోతే ఆ మేడ మీద ఈ యాంటెన్నా కట్టొద్దు. ఈ ఒక్క విషయంలో సర్దుబాటు లేదు.

ఇన్‌వర్టెడ్ వీ కూడా డైపోలే: మధ్యలో ఒకే స్తంభం, దాని కొస నుంచి రెండు చేతులు ఇరువైపులా ఏటవాలుగా కిందికి. ఒక్కో చెయ్యి సుమారు 10 మీటర్లు. స్లాబు మీద 6 మీటర్ల ఎత్తున కొస, 2.5 మీటర్ల ఎత్తున చివర్లు పెట్టుకుంటే ఒక్కో వైపు 9.4 మీటర్ల చోటు పడుతుంది. 200 గజాల స్థలం, అంటే 30 అడుగులకు 60 అడుగులు అనుకుంటే దాని కర్ణం 67 అడుగులు, 20 మీటర్ల పైమాటే. కాబట్టి పొడుగ్గా కాకుండా మూల నుంచి మూలకు లాగండి. సెట్‌బ్యాకులు పోయి మేడ ఇంకా చిన్నదైతే చివరి మీటరో మీటరున్నరో పక్కకు వంచి కట్టినా పనిచేస్తుంది. రెండు చేతుల మధ్య కోణం మాత్రం 90 డిగ్రీలకు తగ్గకూడదు. తగ్గితే రెండు చేతులూ ఒకదాని పనిని ఒకటి చెడగొట్టుకుంటాయి.

చివర్లు 2.5 మీటర్ల కంటే కిందికి దించకపోవడానికి కారణం ఉంది. డైపోల్‌లో వోల్టేజి ఎక్కువగా ఉండేది చివర్లలోనే. 100 వాట్లు పంపేటప్పుడు అక్కడ చెయ్యి తగిలితే చర్మం కాలుతుంది. మేడ మీద బట్టలారేసే దండెం, పిల్లలు, పక్కింటివాళ్లు, అందరినీ దృష్టిలో పెట్టుకోవాలి. జీఐ తీగతో కట్టిన దండెం యాంటెన్నాకు సమాంతరంగా ఉంటే ట్యూనింగు కూడా చెడుతుంది. దాన్ని నైలాన్ తాడుకు మార్చేయండి. స్లాబులో ఇనుప చువ్వలుంటాయి కనుక కొసను స్లాబుకు మూడు నాలుగు మీటర్ల లోపు పెడితే శక్తిలో కొంత అందులోనే వేడిగా పోతుంది.

కావలసినవి

- 1.5 స్క్వేర్ ఎంఎం మల్టీస్ట్రాండ్ రాగి హౌస్ వైరు, 22 మీటర్లు
- ఒకటిన్నర అంగుళం జీఐ పైపు, 6 మీటర్ల నిలువు ఒకటి. లేదా గట్టి వెదురు బొంగు
- మూలల్లో నిలబెట్టడానికి 2.5 మీటర్ల కర్రలు రెండు
- స్తంభానికి మూడు దిక్కులా లాగి కట్టడానికీ, తీగ చివర్లకూ 6 ఎంఎం తాడు, చిన్న గిలక ఒకటి
- 4 అంగుళాల పీవీసీ డ్రైనేజీ పైపు ముక్క, 20 సెంటీమీటర్లు
- ఆర్‌జీ-58 కేబుల్, కొస నుంచి సెట్టు దాకా ఎంత దూరమో అంత, దానిపైన మరో 5 మీటర్లు
- ఎస్‌వో-239 సాకెట్ ఒకటి, పీఎల్-259 కనెక్టర్లు రెండు, ఆర్‌జీ-58కి సరిపడే రెడ్యూసర్లతో
- రబ్బరు స్ప్లైసింగ్ టేపు, మామూలు పీవీసీ టేపు

తాడు విషయంలో ఒక మాట. పసుపుపచ్చ ప్లాస్టిక్ తాడు చవకగా వస్తుంది కానీ మన ఎండలకు ఏడాది తిరక్కుండా పొడిపొడిగా రాలుతుంది. మంచి పాలియెస్టర్ తాడు దొరికితే అదే కొనండి.

ఆర్‌జీ-58 నాసిరకమని ఎవరైనా అంటే, అది ఏ ఫ్రీక్వెన్సీకో అడగండి. 7 మెగాహెర్ట్జ్ దగ్గర 20 మీటర్ల కేబుల్‌లో పోయేది ఒక డెసిబెల్ లోపే, అవతలివాడి చెవికి తేడా తెలియదు. అదే కేబుల్‌ను 145 మెగాహెర్ట్జ్‌కు వాడితే సగానికి పైగా పవరు దారిలోనే పోతుంది. వీహెచ్‌ఎఫ్‌కు ఆర్‌జీ-213 లాంటి లావు కేబుల్ కావాలి, ఇక్కడ అక్కర్లేదు. ఇంట్లో మిగిలిన డిష్ కేబుల్ ఆర్‌జీ-6 కూడా ఆపద్ధర్మానికి పనికొస్తుంది. దాని 75 ఓమ్‌ల వల్ల వచ్చే నష్టం తక్కువే. అసలు చిక్కు దాని అల్లిక (బయటి లోహపు వల) అల్యూమినియం కావడం. దానికి టంకం అంటదు, క్రింపు కనెక్టరే వేయాలి.

తీగ కోయడం

143ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే డైపోల్ మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. 7.100కు 20.14 మీటర్లు, సగం 10.07. ఈ లెక్క ఒట్టి రాగి తీగకు, తిన్నగా లాగినప్పుడు. పీవీసీ తొడుగు ఉన్న వైరుకు పొడవు రెండు మూడు శాతం తగ్గుతుంది, ఏటవాలుగా దించినందుకు ఇంకాస్త. చివరికి మీ చెయ్యి 9.6కూ 9.9కూ మధ్య ఎక్కడో తేలుతుంది. అయినా కోసేటప్పుడు ఒక్కోటి 10.4 మీటర్లు కోయండి. తగ్గించడం తేలిక, అతికించడం కష్టం.

మిగులు తీగను కత్తిరించకుండా చివర ఇన్సులేటర్‌లోంచి వెనక్కి మడిచి, అదే తీగ మీద దగ్గరదగ్గరగా చుట్టేయాలి. ఇలా చుట్టిన భాగం రేడియోకు దాదాపుగా లేనట్టే. ఒక జానెడు తోకను గాలిలో వేలాడనిచ్చారా, అది పొడవులో లెక్కకొచ్చి కొలతంతా తారుమారవుతుంది. రెండు చేతుల మీదా కేంద్రం (రెండు చేతులూ కలిసే మధ్య ముక్క) నుంచి కొలిచి 9.5, 10 మీటర్ల దగ్గర రంగు టేపు చుట్టి గుర్తు పెట్టుకుంటే తర్వాత కేంద్రాన్ని దించిన ప్రతిసారీ మొదట్నుంచి కొలవక్కర్లేదు.

కేంద్రం, చోకు

కేంద్రానికి వంటింటి ప్లాస్టిక్ కటింగ్ బోర్డు ముక్క బాగా పనికొస్తుంది. కింద అంచున ఎస్‌వో-239 సాకెట్ నోరు నేలవైపు ఉండేలా బిగించండి. రెండు పక్కలా రెండేసి రంధ్రాలు వేసి, తీగను ఒకదాంట్లోంచి దూర్చి రెండోదాంట్లోంచి తీసి ముడి వేయాలి. లాగుడంతా ఆ ముడి మీదే పడాలి. అక్కడి నుంచి వదులుగా ఒక తోక వదిలి, ఒక చేతిని సాకెట్ నడిమి పిన్నుకూ, రెండో చేతిని సాకెట్ బాడీ స్క్రూకూ టంకం వేయండి. టంకం మీద బరువు పడితే మొదటి ఈదురుగాలికే తెగుతుంది, అదీ లోపల తెగి పైకి బాగానే కనిపిస్తుంది.

చోకును (కేబుల్ వెలుపలి వైపు పారే కరెంటును ఆపే చుట్ట) చాలామంది వదిలేస్తారు, తర్వాత వచ్చే తలనొప్పుల్లో సగం దానివల్లే. కేబుల్ అల్లిక వెలుపలి వైపు కూడా మూడో చెయ్యిలా ప్రసారం మొదలుపెడితే మైకు పట్టుకుంటే చురుక్కుమంటుంది, లాప్‌టాప్ యూఎస్‌బీ ఊడిపోతుంది, గొంతు వక్రంగా వినిపిస్తుంది. ఇంట్లో ఉన్న ఛార్జర్ల రొదను కూడా ఆ అల్లికే మోసుకొస్తుంది. మందు సులువే: సాకెట్‌కు ఆనుకుని, ఫీడ్ కేబుల్‌నే 4 అంగుళాల పీవీసీ పైపు మీద 12 చుట్లు, పక్కపక్కనే, ఒకే వరుసలో చుట్టి జిప్ టైలతో బిగించండి. దీనికి 4.3 మీటర్ల కేబుల్ పడుతుంది. 7 మెగాహెర్ట్జ్ దగ్గర ఇది సుమారు 700 ఓమ్‌ల అడ్డు. చుట్లను కుప్పగా పోసి టేపు చుడితే మొదటి చుట్టూ చివరి చుట్టూ పక్కపక్కన చేరి ఆ అడ్డు దెబ్బతింటుంది, అందుకే పైపు. ఎఫ్‌టీ240-31 ఫెర్రైట్ రింగు దొరికితే దాని మీద సన్నటి కేబుల్ 12 చుట్లు ఇంకా మేలు.

పీఎల్-259కు టంకం వేయడానికి 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్ కావాలి. 25 వాట్లదానితో బాడీ వేడెక్కేలోపు లోపలి ప్లాస్టిక్ కరిగి నడిమి తీగ అల్లికకు అంటుకుంటుంది. రెండు కొసలూ వేశాక, యాంటెన్నాకు తగిలించకముందే మల్టీమీటరుతో చూడండి. పిన్ను నుంచి పిన్నుకు సున్నా ఓమ్‌లు, పిన్ను నుంచి బాడీకి ఏమీ చూపకూడదు.

కీలు మీద ముందు రబ్బరు టేపును సాగదీసి చుట్టి, పైన పీవీసీ టేపు వేయాలి. చుట్టు కింది నుంచి పైకి వెళ్లాలి, అప్పుడే పై పొర కింది పొరను కప్పి వాన జారిపోతుంది. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ పూయకండి, అందులోని ఆమ్లం రాగిని తినేస్తుంది. కిటికీలోంచి లోపలికి తెచ్చేముందు కేబుల్‌ను ఒక అడుగు కిందికి వేలాడదీసి పైకి తీసుకుంటే నీళ్లు అక్కడే బొట్టుగా రాలిపోతాయి.

నిలబెట్టడం

ఇద్దరు మనుషులుండాలి. పైపు కొసకు గిలక కట్టి, అందులోంచి తాడు దూర్చాకే నిలబెట్టండి. కేంద్రాన్ని ఆ తాడుతో ఎత్తడం, దించడం చేయాలి కనుక ట్యూనింగప్పుడు ప్రతిసారీ పైపు దించే పని తప్పుతుంది. పైపును పిట్టగోడకు రెండు చోట్ల క్లాంపులతో బిగించి, మూడు దిక్కులకూ తాళ్లు లాగి కట్టండి. జీఐ పైపైతే తీగ పైపుకు రాసుకోకుండా ఒక అడుగు కర్రను అడ్డంగా బిగించి గిలకను దానికి తగిలించండి. చివరి తాళ్లను మరీ బిర్రుగా లాగొద్దు. కొంచెం వదులుంటే గాలికి ఊగి నిలుస్తుంది, లేకపోతే తెగుతుంది.

ట్యూనింగ్

చిన్న నానోవీఎన్‌ఏ (యాంటెన్నాను కొలిచే పరికరం) ఒకటి చేతిలో ఉంటే పని అరపూటలో అయిపోతుంది. 6.5 నుంచి 7.5 మెగాహెర్ట్జ్ దాకా స్వీప్ పెట్టి, ఓపెన్, షార్ట్, లోడ్ మూడూ వేసి క్యాలిబ్రేట్ చేసి, కేబుల్‌ను సెట్టు వైపు కొసన తగిలించి, ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి పవరు ఎంత వెనక్కి వస్తోందో చెప్పే నిష్పత్తి, 1 అయితే ఏమీ రానట్టు) గీత ఎక్కడ అడుగుకు దిగుతుందో చూడండి. కొత్త పొడవు కావాలంటే ఉన్న పొడవును, కొలిచిన ఫ్రీక్వెన్సీతో గుణించి కావలసిన ఫ్రీక్వెన్సీతో భాగించాలి. ఉదాహరణకు చేతులు 10.1 మీటర్లు, అడుగు 6.900 దగ్గర ఉంది, మనకు 7.100 కావాలి. 10.1ని 6.9తో గుణించి 7.1తో భాగిస్తే 9.815. అంటే ఒక్కో చెయ్యి 28 సెంటీమీటర్లు తగ్గాలి. అయినా మొదట 20 మాత్రమే మడిచి, కేంద్రాన్ని పూర్తిగా పైకెత్తి మళ్లీ కొలవండి. రెండు చేతులూ 10 సెంటీమీటర్ల చొప్పున తగ్గితే అడుగు సుమారు 70 కిలోహెర్ట్జ్ పైకి జరుగుతుందని గుర్తుంచుకుంటే చాలు. కింద, చేతికందే ఎత్తులో కొలిచిన అంకెకు విలువ లేదు, ఎత్తితే మారిపోతుంది.

నానోవీఎన్‌ఏ లేకపోతే సెట్టులోని ఎస్‌డబ్ల్యూఆర్ మీటరే వాడండి. ముందు విని, ఫ్రీక్వెన్సీ ఖాళీయేనా అని అడిగి, కాల్‌సైన్ చెప్పి, 10 వాట్లకు తగ్గించి 7.010, 7.100, 7.190 దగ్గర రెండేసి సెకన్లు క్యారియర్ (మాట లేని ఒట్టి సంకేతం) వదిలి మూడు అంకెలూ రాసుకోవాలి. 7.010 దగ్గర తక్కువుంటే తీగ పొడవు, 7.190 దగ్గర తక్కువుంటే పొట్టి. మోడ్ సీడబ్ల్యూ (మోర్స్) గానీ ఏఎమ్ గానీ ఉండాలి. ఈ బ్యాండులో మాటకు వాడే ఎల్‌ఎస్‌బీ మోడ్‌లో మాట్లాడకుండా పీటీటీ (మైకు బటన్) నొక్కితే పవరే బయటికి రాదు, మీటరు 1 చూపిస్తుంది, అంతా బాగుందని మోసపోతారు.

ఎస్‌డబ్ల్యూఆర్ 1.5 వస్తే ఆపేయండి. బ్యాండు కొసల్లో 2 దాకా వెళ్లినా సెట్టుకు హాని లేదు. 1.1 కోసం సాయంత్రాలు ఖర్చు పెట్టినందువల్ల అవతలివాడి మీటరు కదలదు. ఎస్‌డబ్ల్యూఆర్ మరీ బాగుండడమే ఒక్కోసారి అనుమానించాల్సిన విషయం. 6.5 నుంచి 7.5 దాకా గీత ఎక్కడా లేవకుండా చదునుగా ఉందంటే కేబుల్‌లో నీళ్లు చేరి పవరును తాగేస్తున్నట్టు. గీత ఎక్కడా దిగకుండా పైనే ఉంటే తెగిందనో, కనెక్టరులో షార్టనో అర్థం. కేబుల్‌ను చేత్తో పట్టుకుంటే అంకె మారుతోందంటే చోకు పనిచేయడం లేదు. అడుగు సరైన చోటే ఉన్నా 2 కంటే దిగకపోతే చేతుల మధ్య కోణం మార్చి చూడండి, ట్యాంకు నిచ్చెన లాంటి ఇనుము దగ్గర్లో ఉంటే చివర్లను అటు నుంచి జరపండి.

హోరు

ఎవరూ పలకకపోయినా సెట్టు సిగ్నల్ మీటరు ఏడు, తొమ్మిది మీద నిలబడి ఉంటే ఎంత మంచి యాంటెన్నా అయినా ఏమీ వినిపించదు. సెట్టును బ్యాటరీ మీద పెట్టి ఇంటి మెయిన్ ఎంసీబీ దించండి. ఇన్వర్టర్ కూడా ఆపాలి, అది స్వయంగా పెద్ద రొద. హోరు పడిపోతే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. ఒక్కో సర్క్యూటూ వేస్తూ పోతే దొరుకుతాడు: ఎల్‌ఈడీ బల్బు, ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్, సెట్‌టాప్ బాక్సు అడాప్టర్, సోలార్ ఇన్వర్టర్. దాన్ని మార్చడమో, దాని వైరును ఫెర్రైట్ రింగు మీద ఏడెనిమిది చుట్లు చుట్టడమో చేయాలి. ఎంసీబీ దించినా తగ్గకుండా గరగరమంటూ, వేసవిలో ఎక్కువై గట్టి వాన పడగానే మాయమైతే అది వీధి లైను ఇన్సులేటర్ల మీద పేరుకున్న దుమ్ము. స్తంభం నంబరు రాసుకుని విద్యుత్ కార్యాలయంలో ఫిర్యాదు ఇవ్వండి. మీరు స్తంభం జోలికి వెళ్లకండి.

సెట్టు, కరెంటు

హైదరాబాద్‌కు చెందిన అశ్హర్ ఫర్హాన్, వీయూ2ఈఎస్ఈ, రూపొందించిన బిట్‌ఎక్స్ సెట్లు ప్రపంచమంతటా హామ్‌లు కట్టుకున్నారు. సొంతంగా టంకం పట్టి నేర్చుకోవాలనుకునేవారికి అంతకన్నా మంచి మొదలు లేదు. 100 వాట్ల ఫ్యాక్టరీ సెట్టు కొన్నా, మీ లైసెన్సులో రాసిన పవరు పరిమితికి మెనూలో తగ్గించి పెట్టుకోండి.

100 వాట్ల సెట్టు 13.8 వోల్టుల దగ్గర 20 ఆంపియర్ల పైన లాగుతుంది. ఇక్కడ సన్న వైరు వాడితే జరిగేది లెక్కే చెబుతుంది. మీటరున్నర దూరానికి 1.5 స్క్వేర్ ఎంఎం వైరు వేస్తే పోనూరానూ మూడు మీటర్లలో 0.7 వోల్టు దాకా పడిపోతుంది. గట్టిగా మాట్లాడినప్పుడల్లా డిస్‌ప్లే మసకబారడం, సెట్టు ఆరిపోవడం దీనివల్లే. 4 స్క్వేర్ ఎంఎం వేయండి. ఇంట్లో ఉన్న ఇన్వర్టర్ ట్యూబులర్ బ్యాటరీ సెట్టుకు చక్కగా సరిపోతుంది, కాకపోతే ఫ్యూజు బ్యాటరీ టెర్మినల్ పక్కనే, రెండు వైర్లకూ ఉండాలి. 2004 డిసెంబరు సునామీ వచ్చినప్పుడు పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్న హామ్ బృందం అండమాన్ నుంచి కబుర్లు చేరవేసింది. తుపాను దారిలో ఉన్న మన కోస్తాలో లైను పోయిన రాత్రి కూడా మీ సెట్టు పలకాలంటే వారానికొకసారి బ్యాటరీ మీదే ఆపరేట్ చేసి చూసుకోవాలి.

పలకరింపు

మొదటి వారం వినండి. పొద్దున్నే 40 మీటర్లలో నెట్‌లు (ఒకరి నిర్వహణలో చాలామంది వంతులవారీగా మాట్లాడుకునే కూటాలు) నడుస్తాయి. నెట్ కంట్రోల్ ఎవరు, ఎప్పుడు చెక్‌ఇన్‌లు పిలుస్తారు, ఎవరి తర్వాత ఎవరు అన్నది రెండు మూడు రోజుల్లో తెలిసిపోతుంది. మోడ్ ఎల్‌ఎస్‌బీ. 60 మీటర్ల బ్యాండును మినహాయిస్తే, 10 మెగాహెర్ట్జ్ లోపు మాటకు ఎల్‌ఎస్‌బీ వాడడం ఆనవాయితీ. బ్యాండు కింది కొసన సీడబ్ల్యూ వాళ్లుంటారు, 7.074 చుట్టూ ఎఫ్‌టీ8 (కంప్యూటర్‌తో నడిపే డిజిటల్ మోడ్) నడుస్తుంది, ఆ చోట్ల మాట్లాడొద్దు. నడుస్తున్న సంభాషణకు కనీసం 3 కిలోహెర్ట్జ్ దూరం ఉంచండి.

మైక్ గెయిన్ పెంచేకొద్దీ దూరం వెళ్తామనుకోవడం భ్రమ. ఏఎల్‌సీ (పవరు హద్దు మీరకుండా చూసే సర్క్యూటు) మీటరు మీద గుర్తు పెట్టిన హద్దు దాటితే గొంతు పగిలి పక్క ఫ్రీక్వెన్సీల మీద చిమ్ముతుంది. మైకును నోటికి నాలుగు వేళ్ల దూరంలో పెట్టి మామూలుగా మాట్లాడండి.

నెట్ కంట్రోల్ చెక్‌ఇన్‌లు అడగగానే కాల్‌సైన్ మాత్రమే ఫోనెటిక్స్‌లో చెప్పి ఆపండి: విక్టర్, యూనిఫాం, త్రీ, ఆపైన మీ మూడు అక్షరాలు. పేరు, ఊరు, సెట్టు, వాతావరణం అన్నీ ఒక్క గుక్కలో చెప్పడం కొత్తవాళ్లు చేసే పని. దానివల్ల ఇంకో ఇద్దరి పిలుపు మునిగిపోతుంది. మీ వంతు వచ్చాక అవతలివారి రిపోర్టు నిజాయితీగా ఇవ్వండి. వినబడీ వినబడకుండా ఉన్నవారికి ఐదు-తొమ్మిది (స్పష్టంగా, గట్టిగా వినిపిస్తోందని) ఇస్తే వాళ్ల యాంటెన్నా లోపం వాళ్లకు ఎప్పటికీ తెలియదు. తర్వాత పేరు, క్యూటీహెచ్ (మీరున్న ఊరు), ఎన్ని వాట్లు, ఏ యాంటెన్నా. పీటీటీ నొక్కాక అర సెకను ఆగి మొదలుపెట్టండి, లేకపోతే మొదటి అక్షరం తెగిపోతుంది. తెలుగువాళ్లు తగిలితే తెలుగులోనే మాట్లాడుకోవచ్చు. కాల్‌సైన్ మాత్రం అంతర్జాతీయ ఫోనెటిక్స్‌లోనే చెప్పాలి. వ్యాపారం, రాజకీయం, మతం గాలి మీదికి తేవద్దు.

లాగ్ రాయడం లైసెన్సు షరతు కూడా. సమయం యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) రాస్తే క్యూఎస్‌ఎల్ (క్యూఎస్‌వో జరిగిందని ఇద్దరూ పంపుకునే ధ్రువీకరణ) సరిపోలుతుంది. మన సమయం నుంచి ఐదున్నర గంటలు తీసేయాలి: పొద్దున 7.15 అంటే 01.45. తెల్లవారుజామున 5.30 లోపు చేసిన క్యూఎస్‌వోకు తేదీ ముందురోజుది అవుతుంది, క్యూఎస్‌ఎల్‌లు సరిపోలకపోవడానికి తరచూ ఇదే కారణం.

ఏడాదిలో మూడు సార్లు

సంక్రాంతి వెళ్లగానే మేడెక్కి తీగ మీద చిక్కుకున్న మాంజా తీసేయండి. గాజుపొడి దారం గాలికి రాసుకుంటూ తొడుగును కోసేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఉరుములు మొదలయ్యేముందు కేబుల్‌ను సెట్టు నుంచి విప్పి కిటికీ బయట వదిలే అలవాటు చేసుకోండి. సెట్టు ఆపినంత మాత్రాన పిడుగు ఆగదు, కేబుల్ ఇంట్లో ఉండకూడదు. మబ్బు కమ్మాక దాన్ని ముట్టుకోవద్దు, వాడని ప్రతిసారీ ముందే విప్పి ఉంచాలి. అక్టోబరు, నవంబరుల్లో తుపాను హెచ్చరిక వస్తే గిలక తాడు వదిలి కేంద్రాన్ని దించి, తీగ చుట్టి, పైపును పడుకోబెట్టేయండి. మళ్లీ ఎత్తాక ఎస్‌డబ్ల్యూఆర్ మూడు చోట్ల కొలిచి పాత అంకెల పక్కనే రాయండి. అంకె మారితే ముందు విప్పి చూడాల్సింది కేంద్రం కింది కనెక్టరునే.